ఐదో హంసకు కన్ను లేదు

గురువారం పగలు పన్నెండు గంటల ఇరవై నిమిషాలు. గద్వాల బస్టాండులో దిగీ దిగగానే కురుమూర్తి వాచీ చూసుకున్నాడు. రెండింటికి ఏజెన్సీ మనిషి శ్రీనాథ్ జీపు వస్తుంది. వస్తే కంప్యూటరు ఎత్తుకుపోతుంది. కంప్యూటరు పోతే అందులోని సాక్ష్యం పోతుంది. సాక్ష్యం పోతే శివశంకర్ అనే ముప్పై ఏళ్ల చీరల డిజైనరు దొంగగా మిగులుతాడు. మిగిలితే అదీ మేలే! బాలస్వామి అసలు మిగల్లేదు.

ఆ బాలస్వామి సంగతి ముందు చెప్పాలి. ఆత్మకూరు మనిషి, శివశంకర్‌లాగే కంప్యూటరు మీద చీరల అంచులూ కొంగులూ గీసేవాడు. పన్నెండు రోజుల కిందట జూరాల కాలువలో శవమై తేలాడు. కాపీ కేసుకు భయపడి దూకాడని పోలీసులు రాసుకున్నారు. ఆ కాలువలోనే ఈత నేర్చి, ఊళ్లో సగంమందికి ఈత నేర్పినవాడు అందులో ఎలా మునిగాడని ఒక్కడూ అడగలేదు. చచ్చిపోయే ముందురోజు అతను శివశంకర్‌కు ఫోన్ చేశాడు. "అన్నా, మన కంప్యూటర్లు మన మాట వింటలేవు. రేపు హైదరాబాద్ పోయి పేపరోల్లకు అంతా చెప్పొస్త" అన్నాడు. ఆ రేపు రాలేదు.

గడిచిన సోమవారం శివశంకర్ వెనకాల రెండు మోటార్ సైకిళ్లు పడ్డాయి. అతని భార్య మాలతి ఏడుస్తూ వనపర్తి వచ్చి కురుమూర్తి కాళ్లావేళ్లా పడింది. మంగళవారం పొద్దున కురుమూర్తి శివశంకర్‌ను తీసుకెళ్లి శ్రీరంగాపూర్‌లో జోగులమ్మ అనే తన దూరపు చుట్టం ఇంట్లో దాచాడు. శ్రీరంగాపూర్ బయట ఈ సంగతి తెలిసింది కురుమూర్తికి, మాలతికి. అంతే.

ఇరవై ఆరేళ్లు పోలీసు కొలువు చేసి, హెడ్ కానిస్టేబులుగా ఉండగానే కాగితం రాసిచ్చి బయటికొచ్చి, వనపర్తిలో ఒంటి గదికి డిటెక్టివ్ బోర్డు కట్టుకున్నవాడు కురుమూర్తి. కత్తి పట్టినోడికి ఎదురెళ్లాడు గానీ, కంప్యూటరంటే మాత్రం పుట్టలో చెయ్యి పెట్టినట్టే ఉంటుంది ఆయనకు. రెండు వేళ్లతో టైపు కొడతాడు. కొట్టిన అక్షరం తెరమీద కనబడితే, హమ్మయ్య, ఇంకా కరవలేదు అనుకుంటాడు.

నేతగాళ్ల వీధిలో మూడో ఇల్లు. వాకిట్లో మాలతి నిలబడే ఉంది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"సార్, ఆయన..."

"మంచిగున్నడు బిడ్డా. పరేషాన్ కాకు. నా ఆఫీసు పేరున్న కాగితం తేవాలె, దాని మీద మన కేసు నంబరుండాలె. ఆ రెండూ తెచ్చినోడు తప్ప ఎవలొచ్చినా గడప దాటొద్దని గట్టిగ చెప్పిన. దేవుడొచ్చి పిలిచినా కదలడు."

మాలతి కొంగుతో కళ్లు తుడుచుకుంది. మామ సీతారాములు వకీలు కోసం పొద్దున్నే మహబూబ్‌నగర్ వెళ్లాడు. ఇంట్లో ఉన్నది మాలతి, అత్త జములమ్మ. మగ్గం గుంట ఖాళీగా ఉంది. నాలుగు రోజులుగా ఆ ఇంట్లో మగ్గం చప్పుడు లేదు.

మగ్గం పక్కనే చెక్క బల్ల మీద కంప్యూటరు. దాని పెట్టె మీద ఆకుపచ్చ బిళ్ళ అంటించి ఉంది. బిళ్ళ కింద ఎండిపోయిన నిమ్మకాయ దారంతో కట్టి ఉంది.

"ఈ నిమ్మకాయ ఎవలు కట్టిండ్రు?"

"నేనే నాయనా" అంది గోడకు ఆనుకొని కూర్చున్న జములమ్మ. "దానికి దయ్యం పట్టింది."

ఇంకొకరైతే నవ్వేవాళ్లు. కురుమూర్తి నవ్వలేదు. ముసలి మనుషులు దయ్యమంటే, అక్కడ ఏదో ఒకటి ఉండే ఉంటుందని కొలువులో నేర్చుకున్నాడు. కింద చాప మీద కూర్చుని చిన్న నోటుబుక్కు తీశాడు.

"అక్కా, జర యాదికి తెచ్చుకొని చెప్పు. ఎప్పట్నించి పట్టింది?"

"ఆ పచ్చబిళ్ళ అంటించిన కాడ్నించి. జూన్ నెల నడుమ."

"ఏం చేస్తది?"

"మూలుగుతది. మొదలు టిక్కుటిక్కుమని నంబర్లు కొడ్తది, ఎన్క గొంతు పిసికినట్టు కీచుమని అరుస్తది. ఎవలూ ముట్టరు, ఎవలూ ఒత్తరు. దానంతట అదే."

"రోజూనా?"

"ఆదివారం సుత ఇడ్వదు."

"ఎన్నింటికి?"

"నేను బీపీ గోలీ మింగేముందు రొట్టె తింట. రొట్టె తుంచి నోట్ల పెట్టుకునేటాళ్లకు మొదలైతది. ఒంటిగంటకు. ఒక్క నిమిషం అటూఇటూ గాదు. నాకు ముద్ద మింగబుద్ధి గాదు నాయనా."

కురుమూర్తి మాలతి వైపు చూశాడు. ఆమె గోడకు తగిలించిన సర్టిఫికెట్టు తీసి ఇచ్చింది. పైన "స్వత్వరక్ష ఏజెన్సీ" అని పెద్ద అక్షరాలు. కింద: గద్వాల, మధ్యాహ్నం ఒంటిగంట. ఆ వేళకు కంప్యూటరు నడుస్తూ ఉండాలి, ఫోన్ తీగ తగిలించి ఉండాలి. చెకింగ్ ప్రోగ్రామును ముట్టుకున్నా, ఆపినా బిళ్ళ రద్దు, కేసు ఖాయం.

"ఊరికో టైము పెట్టిండ్రు సార్. ఆత్మకూరుకు రెండింటికట."

"వనపర్తికి మూడు" అన్నాడు కురుమూర్తి అలవోకగా.

ఆయనకు తెలియకేం! జూన్ నెలలో ఈ స్వత్వరక్ష వాళ్లు ఊరూరా క్యాంపులు పెట్టారు. మైకు పట్టుకుని చెప్పింది ఇంతే. ఢిల్లీలో కొత్త చట్టం తయారవుతున్నది, కాపీ ప్రోగ్రాం దొరికితే కంప్యూటరు జప్తు, ఓనరు జైలుకు. ఇప్పుడే మా చెకింగ్ ప్రోగ్రాం వేయించుకుంటే పచ్చబిళ్ళ ఇస్తాం, మీ జోలికి ఎవరూ రారు. ఇంకేముంది, జనం కంప్యూటర్లను చంటిపిల్లల్లా బొంతల్లో చుట్టి రిక్షాల మీద పట్టుకొచ్చారు. వనపర్తి క్యాంపులో కురుమూర్తి కూడా వరుసలో నిలబడ్డాడు. మాజీ పోలీసు ఇంట్లో దొంగసొత్తు దొరికిందంటే మొహం ఎక్కడ పెట్టుకోవాలి? భయానికి ఖాకీ తెలుసా, నేత తెలుసా?

గోడ గడియారం ఒంటిగంట కొట్టింది.

కంప్యూటరు పెట్టెలో టిక్కుటిక్కుమని చప్పుడైంది. తరవాత కీచుమని అరుపు. జములమ్మ చెవులు మూసుకుంది. కురుమూర్తికి వీపు మీద చెమట పట్టింది. కుర్చీలో ఎవరూ లేరు. తెరమీద బాణం గుర్తు కదలడం లేదు. కానీ లోపల ఎవరో పని చేసుకుంటున్నారు, సొంత ఇల్లయినట్టు.

ఆయన మెల్లగా పోయి ఫోను రిసీవరు ఎత్తాడు. చెవిలో బుస్సుమని హోరు. చటుక్కున పెట్టేశాడు.

"బిడ్డా, ఇది ఏం చేస్తుందో తెలుసుకునే ఉపాయం ఉన్నదా?"

మాలతి బల్ల దగ్గరికి వచ్చింది గానీ చెయ్యి చాపలేదు. "ముట్టుకుంటే కేసన్నరు సార్."

"కంప్యూటర్ ఎవలది?"

"మాదే."

"పైసలు ఎవలు కట్టిండ్రు?"

"నా పుస్తెల గొలుసు కుదువ బెట్టినం."

"ఇగ నీ వస్తువు ఏం చేస్తుందో నువ్వు చూసుకోనీకె ఎవన్ని అడగాలె?"

మాలతి పెదవి కొరికింది. తెర కింది మూలనున్న చిన్న బొమ్మ మీద నొక్కింది. రెండు బుల్లి తెరలున్న బొమ్మ అది. చిన్న పలక తెరుచుకుంది.

"ఇక్కడ రెండు లెక్కలుంటయి సార్. ఇది బయట్నించి మనకొచ్చింది. ఇది మన కాడ్నించి బయటికి పోయింది."

"ఎంతెంత ఉన్నయి?"

"వచ్చింది కొద్దిగనే, కొన్ని వేలు. పోయింది..." ఆమె తెర దగ్గరికి వంగింది. "పోయింది లక్షలల్ల ఉంది. ఇంక పెరుగుతనే ఉంది."

కురుమూర్తి రాసుకున్నాడు: ఒంటిగంట పది, పోయినవి ఇరవై లక్షలు. ఒంటిగంట ఇరవై, నలభై లక్షలు. ఒంటిగంట ఇరవై రెండుకు అరుపు లేకుండా అది తనంతట తాను ఆగిపోయింది.

"చెక్ చేసుకొని పోయేటోడు సంచి నింపుకొని ఎందుకు పోతడు?" అన్నాడు. "ఏం పంపింది?"

"మేం పంపేటివి చిన్న చిన్న చిట్టీలు సార్. గింత పెద్దగుండేటివి డిజైన్లే." మాలతి నేలమీద కూలబడింది. "అంటే రెండు నెలలుగ మా డిజైన్లన్నీ... బాలస్వామన్న ఇదే చూసిండు సార్. చూసిండని వాళ్లకు తెలిసింది."

కురుమూర్తికి గుండెలో ఏదో ముల్లు గుచ్చుకున్నట్టయింది. ఏమిటది? ఏదో మరిచాడు. ఏదో చాలా దగ్గరి సంగతి. దాన్ని పట్టుకునేలోపల వాకిట్లో జీపు హారన్ మోగింది.

రెండు కొట్టడానికి ఇంకా పది నిమిషాలుంది.

శ్రీనాథ్ ముందొచ్చాడు. నలభై దాటని వయసు, నలగని తెల్లచొక్కా, మెడలో ఏజెన్సీ కార్డు. వెనకాల గద్వాల కానిస్టేబులొకడు ఎండకు మొహం మాడ్చుకుని వచ్చాడు.

"నమస్కారమండీ" అన్నాడు శ్రీనాథ్. "కురుమూర్తి గారు కూడా ఉన్నారే! మంచిదే. సాక్షి సంతకానికి మనిషి దొరికారు."

"దేనికి సాక్షి?"

"కంప్యూటరు స్వాధీనం చేసుకుంటున్నాం. శివశంకర్ గారు మా క్లయింటు కంపెనీ వారి డిజైను దొంగిలించారు. మీ కంప్యూటర్లో ఆ డిజైను ఉందని మాకు గట్టి సమాచారం."

సంచిలోంచి ఒక చీర తీసి బల్ల మీద పరిచాడు. పవర్‌లూమ్ చీర. కొంగు అంచున పదకొండు హంసలు వరుసగా ఉన్నాయి. ఒక్కో హంస మెడ వంపు, తోక మీద మూడు చుక్కలు. మాలతి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఇది రెండేళ్ల కిందట మా క్లయింటు కంపెనీ తయారుచేసిన డిజైను" అన్నాడు శ్రీనాథ్. "కానిస్టేబుల్ గారూ, తీగలు పీకండి."

"ఆగు తమ్మీ" అన్నాడు కురుమూర్తి. "కాగితం చూపియ్యి."

శ్రీనాథ్ అందించాడు. కురుమూర్తి ఒకటికి రెండుసార్లు చదివాడు. పోలీసు కాగితాలు చదవడంలో ఆయన్ని కొట్టేవాడు మూడు తాలూకాల్లో లేడు.

"ఇది వారంటు గాదు. నువ్విచ్చిన ఫిర్యాదు స్టేషన్ల ముట్టినట్టు వేసిన ముద్ర. వారంటు లేకుండ కాపీ సొత్తు పట్టుకపోవాల్నంటే ఎస్సై, లేకుంటే అంతకు పైవోడు రావాలె. ఈ తమ్మి చెయ్యి వేస్తే రేపు సస్పెండయ్యేది ఆయన, నువ్వు గాదు."

కానిస్టేబులు తీగ మీదినుంచి చెయ్యి టక్కున తీసేశాడు. నిప్పు తగిలినట్టు రెండడుగులు వెనక్కి జరిగి, "నన్ను ఇరికిస్తరా ఏంది సార్?" అన్నాడు శ్రీనాథ్‌తో.

శ్రీనాథ్ నవ్వు చెక్కుచెదరలేదు. "పాత చట్టం గురించి మాట్లాడుతున్నారు. కొత్త దాని ముసాయిదా చూశారా? కంపెనీ వేసిన తాళాన్ని ఎవరు తీసినా నేరమే. ఓనరైనా సరే, తన ఇంట్లో తన బల్ల మీదైనా సరే, జైలే. పెట్టె మాత్రమే మీదండీ. లోపల ఏది నడవాలి, ఏది నడవకూడదు అన్నది మీ చేతుల్లో ఉండదు ఇక."

"చట్టం వచ్చిందా?"

"వస్తుంది."

"ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమట!" కురుమూర్తి గొంతు పెరిగింది. "పుట్టని చట్టం పేరు చెప్పి బిళ్ళలు అంటిస్తివి. నా ఇంటికి నువ్వు తాళమేసి, చెవి నీ జేబుల పెట్టుకొని, నేను తలుపు తీస్తే నన్నే దొంగనంటవా? ఒంటిగంటకు ఈ మిషన్ ఏం పంపిందో నా కండ్లతోని చూసిన."

శ్రీనాథ్ కనురెప్ప ఒక్కసారి కొట్టుకుంది. అంతే. "చెకింగ్ వివరాలు. మీకు అర్థం కావులెండి."

"సరే, నాకు అర్థమయ్యేది అడుగుత. ఈ హంసల కొంగు నీ కంప్యూటర్ల ఉన్నదా బిడ్డా?"

"ఉంది సార్" అంది మాలతి నీరసంగా. "జూన్ ఆఖరుల నేనే గీసిన."

"చూశారా, ఒప్పుకున్నారు!" అన్నాడు శ్రీనాథ్.

"ఆగవయ్యా. బిడ్డా, ఈ కొంగు నేసిండ్రా?"

"లేదు. మగ్గానికి ఎక్కిచ్చే డిజైన్ అట్టలు సుత కొట్టలే."

"కాగితం మీద అచ్చు తీసినవా? ఎవలకన్నా చూపినవా?"

"లేదు సార్. ఆయనకు తప్ప ఎవలకూ చూపలే. కంప్యూటర్లనే ఉంది."

కురుమూర్తి శ్రీనాథ్ వైపు తిరిగాడు. "నేయలే, అచ్చు తీయలే, బయటి కన్ను పడలే. ఈ డిజైన్ దీని కడుపుల ఉన్నదని నీకు గట్టి సమాచారం ఎవలిచ్చిండ్రు?"

కానిస్టేబులు కూడా శ్రీనాథ్ మొహంలోకి చూశాడు.

"క్యాంపులో చూశాం" అన్నాడు శ్రీనాథ్, కాస్త ఆలస్యంగా.

"క్యాంపు జూన్ నడుమ. ఈమె గీసింది జూన్ ఆఖరుల."

"తారీఖులు ఈమె చెప్పినవి! రెండేళ్ల కిందటి మా డిజైను చూసి గీసి, ఇప్పుడు కథ చెబుతోంది."

అప్పుడు జములమ్మ లేచింది. మోకాళ్లు పట్టుకుని మెల్లగా బల్ల దగ్గరికి వచ్చి, ఆ పవర్‌లూమ్ కొంగును మొహానికి దగ్గరగా తెచ్చుకుని, వేలితో హంసలను ఒక్కొక్కటే లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. ఐదో హంస దగ్గర వేలు ఆగింది.

"దీనికి కన్ను లేదు" అంది.

అందరూ వంగి చూశారు. నిజమే. పది హంసలకు కంటి చోట బంగారు చుక్క ఉంది. ఐదోదానికి లేదు.

"మిషన్లో తప్పు పడి ఉంటుంది" అన్నాడు శ్రీనాథ్.

"తప్పు గాదు కొడుకా. దిష్టికి ఇడ్సింది." జములమ్మ ఇనప్పెట్టె తెరిచి పాత చీరలు బయటికి తీసింది. "మా ఇంట్ల కొంగు మీద ఏది నేసినా ఒకదానికి కన్ను ఇడుస్తం. ఇంట్ల ఎంతమంది బువ్వ తింటరో అన్నోదానికి. ఇగో, ఇది నా పెండ్లిల. మా అత్త, మామ, ముగ్గురు మరుదులు, మేమిద్దరం. ఏడో నెమలికి కన్ను లేదు, సూడు. ఇది మామ పోయినంక. ఆరోదానికి లేదు. ఇది మావోని పెండ్లినాటిది, మాలతి ఇంట్లకొచ్చినంక. నలుగురం. నాలుగో హంసకు లేదు."

కురుమూర్తి ఒక్కో కొంగు చేత్తో పట్టి లెక్కపెట్టాడు. ముసలమ్మ ఒక్క చోట కూడా తప్పు చెప్పలేదు. శ్రీనాథ్ మెడ మీద చెమట బొట్లు పుట్టాయి.

"మరి ఇందులో ఐదోది కదా!" అన్నాడు చటుక్కున, ఊతకర్ర దొరికినట్టు. "మీ ఇంట్లో నలుగురేగా? మీ లెక్క మీకే తప్పింది."

జములమ్మ కోడలి వైపు తిరిగింది. "అవును మాలతీ. నలుగురమే గదా. ఐదుకెందుకు ఇడిస్తివి?"

మాలతి తల వంచుకుంది. చేతులు కొంగులో ముడేసుకుంది.

"మూడో నెల పడేదాక బయటికి చెప్పొద్దంటరు గదా అత్తమ్మా. ఆయనకు సుత చెప్పలే. జూన్ల నాకు అనుమానమొచ్చింది. ఎవలకూ చెప్పక, సంబురం ఆగక, ఆ హంసకు మాత్రం చెప్పుకున్న."

జములమ్మ చేతిలోంచి చీర జారిపడింది. కోడల్ని రెండు చేతులా గుండెకు పొదువుకుని భోరుమంది. "నా తల్లీ! గిన్ని రోజులు గీ భయాలల్ల కడుపుల పెట్టుకొని తిరిగినవా?"

కురుమూర్తి కింద పడిన చీర తీసి బల్ల మీద పెట్టాడు.

"రెండేళ్ల కిందటి డిజైనంటివి శ్రీనాథ్. రెండేళ్ల కిందట ఈ కడుపుల బిడ్డ ఉన్నదా? కోర్టుల జడ్జి అడిగితే నీ కంపెనీ ఏం చెప్తది, ఐదో హంస కన్ను ఎందుకు ఇడిసిండ్రంటే? తమ్మీ, నువ్వు విన్నవు గదా? పోయి మీ ఎస్సైకి ఉన్నది ఉన్నట్టు చెప్పు. బాలస్వామి ఫైలు సుత తియ్యమను."

"చెప్త సార్" అన్నాడు కానిస్టేబులు. ఇంక జీపు వైపు కూడా చూడకుండా, నడిచే స్టేషన్ దారి పట్టాడు.

శ్రీనాథ్ చీర మడత పెట్టాడు. తొందరపడలేదు. అంచుకు అంచు కలిపి, నలుచదరంగా మడిచి సంచిలో పెట్టుకున్నాడు. ఓడిపోయినవాడు అంత నింపాదిగా ఉండటం కురుమూర్తికి నచ్చలేదు. దొంగ దొరికిపోయాక అరుస్తాడు, కాళ్లు పట్టుకుంటాడు, పారిపోతాడు. ఇతను మూడింటిలో ఏదీ చేయలేదు.

గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు.

"శుభాకాంక్షలు మాలతి గారూ. మీవారికి తెలిస్తే సంతోషిస్తారు." వాచీ చూసుకున్నాడు. "అన్నట్టు కురుమూర్తి గారూ, శ్రీరంగాపూర్‌లో జోగులమ్మ గారు కులాసాయేనా?"

జీపు కదిలిన చప్పుడైంది. రెండు గంటల యాభై నిమిషాలు.

మాలతి కళ్లు పెద్దవయ్యాయి. "నేను ఎవలకూ చెప్పలే సార్! మా అత్తమ్మకు సుత తెల్వదు! నా కడుపుల బిడ్డ మీద ఒట్టు!"

"తెలుసు బిడ్డా, తెలుసు" అన్నాడు కురుమూర్తి. ఆమె చెప్పలేదు. తానూ చెప్పలేదు. బస్సులో, చాయ్ హోటల్లో, చివరికి భార్యతో కూడా ఒక్క మాట అనలేదు. మరి ఎలా? గోడకు కన్నులున్నాయా?

జోగులమ్మ ఇంట్లో ఫోను లేదు. పక్కింటి కిరాణా సరోజకు ఉంది. కానీ ఆ నంబరు వనపర్తి ఆఫీసు డైరీలో ఉండిపోయింది. ఆఫీసు ఊడ్చే ఇందిరమ్మ దగ్గర ఇంకో తాళంచెవి ఉంటుంది, సాయంత్రం దాకా అక్కడే ఉంటుంది. ఆమెను అడిగితే డైరీ చూసి చెబుతుంది. కురుమూర్తి ఫోను లాక్కుని ఆఫీసు నంబరు తిప్పాడు. మూడు గంటల రెండు నిమిషాలు.

ఎంగేజ్.

మళ్లీ తిప్పాడు. ఎంగేజ్.

ఇందిరమ్మ ఎవరితో మాట్లాడుతున్నట్టు? అప్పుడు గుర్తొచ్చింది. ఇందిరమ్మ నిన్ననే కూతురి దగ్గరికని నాగర్‌కర్నూల్ వెళ్లింది. పోతూ పోతూ తన తాళంచెవి కూడా ఆయనకే ఇచ్చింది. కురుమూర్తి జేబు తడుముకున్నాడు. తాళంచెవులు రెండూ జేబులోనే ఉన్నాయి. ఆఫీసుకు తాళం వేసి ఉంది. లోపల నరపురుగు లేదు.

మరి ఆ ఫోనులో మాట్లాడుతున్నది ఎవరు?

ఇందాక మాలతి ఇచ్చిన సర్టిఫికెట్టు కళ్లముందే ఉంది. గద్వాల ఒంటిగంట. ఆత్మకూరు రెండు. వనపర్తి మూడు.

ఇందాక గుచ్చుకున్న ముల్లు ఇప్పుడు లోపలికంటా దిగింది. పచ్చబిళ్ళ ఆయన కంప్యూటరుకూ ఉంది. చీరల డిజైన్లు ఎత్తుకుపోయేవాడికి డిటెక్టివు కాగితాలెందుకని అనుకున్నాడు, పిచ్చోడు! మంగళవారం సాయంత్రం లాంతరుకు అతుక్కున్న పురుగులా దాని ముందు కూర్చుని, రెండు వేళ్లతో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కేసు రిపోర్టు కొట్టాడు. ఎక్కడ దాచాడో కొట్టాడు. ఎవరి ఇంట్లోనో కొట్టాడు. ఏ కాగితం చూపిస్తే కదలాలో అదీ కొట్టాడు, కేసు నంబరుతో సహా. బుధవారం మూడింటికి ఆ పెట్టె నమ్మకంగా అంతా అప్పజెప్పేసింది.

టెలిఫోన్ ఎంక్వైరీ వాళ్లను బతిమాలి సరోజ నంబరు పట్టుకునేసరికి మూడుంబావు దాటింది.

"సరోజా, నేను కురుమూర్తిని. పక్కింట్ల ఉన్న పిల్లగాన్ని జర ఫోన్ కాడికి పిలువమ్మా. జల్ది!"

"అయ్యో, ఇంకెక్కడి పిల్లగాడు సారూ? మీరే గదా పిలిపిచ్చుకుంటిరి!"

"నేనా?"

"అవును. మీ మనుషులు ఇద్దరు సుమోల వచ్చిండ్రు. ఆ పిల్లగాడు మొదలు రానన్నడు. వాళ్లు కాగితం చూపిచ్చిండ్రు. మీదే సారూ, పైన మీ ఆఫీసు పేరు, మూలకు నంబరు, మొత్తం అచ్చుల ఉంది. రెండుసార్లు చదివి, సంబురంగ ఎక్కి పోయిండు. పది నిమిషాలు గాలే."

"ఏ దిక్కు పోయింది సుమో?"

"కాల్వ రోడ్డు దిక్కు."

రిసీవరు కురుమూర్తి చేతిలోంచి జారి తీగకు వేలాడింది. అందులోంచి సరోజ "సారూ, సారూ" అంటూనే ఉంది. మాలతి రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని ఆయన మొహంలోకే చూస్తున్నది.

"ఏమైంది సార్? ఆయన ఎక్కడున్నదీ వాళ్లకు ఎవలు చెప్పిండ్రు?"

పచ్చబిళ్ళ కింద ఎండు నిమ్మకాయ ఫ్యాను గాలికి ఊగుతున్నది. కురుమూర్తికి ఆమె కళ్లలోకి చూసే ధైర్యం లేకపోయింది.

"నేనే చెప్పిన బిడ్డా" అన్నాడు. "నా చేతులతోని, నేనే."